కొమ్ము జారిన బండి

ఇరవై తొమ్మిదేళ్లు రీగాలో ట్రాలీబస్సు నడిపాను.
నెత్తిమీద ఆరువందల వోల్టులు పరుగెడుతుంటే
కింద సీట్లో కూచుని ఉడకబెట్టిన గుడ్డు ఒలుచుకు తిన్నదాన్ని.
కరెంటు నాకు కొత్తేం కాదు.
దాన్ని ఒంటిమీదికి రానివ్వకపోవడమే నా ఉద్యోగం.

ఆ పాత బళ్లలో ఎడమ కాలితో తొక్కితే కదలడం,
కుడి కాలితో తొక్కితే ఆగడం.
నా ఎడమ తుంటి అట్లా అరిగింది,
స్టాపుకో రవ్వ చొప్పున.
డాక్టరు ఎక్స్‌రేని కిటికీకి ఎత్తిపట్టి
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత పెన్ను మూతతో చూపించాడు,
ఎముకకీ ఎముకకీ నడుమ ఉండాల్సిన సందు
ఎక్కడ లేదో.

ఆపరేషనుకి పదకొండు నెలల వరస.
మెట్లు దిగడమే ఒక పూట పని.
పక్క మీద ఒత్తిగిలాలంటే
ముందు దుప్పటితో సంప్రదించాలి.

అప్పుడు లాస్మా అనే ఫిజియో పిల్ల
సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి తెచ్చింది.
నాలుగు తీగలు, నాలుగు జిగురు బిళ్లలు.
చల్లటి బిళ్లలు రెండు తుంటి వెనక, రెండు తొడ పక్కన.
"ఇది నొప్పిని తీసెయ్యదు స్కైద్రీతె గారూ,
నరం మెదడుకి ఏదో చెప్పబోతుంటే
మధ్యలో దూరి మాట కలుపుతుంది."
"మా అత్తగారిలాగా" అన్నాను.
నవ్వుతూనే చక్రం తిప్పింది.

మూడు. ఏమీ లేదు.
ఆరు. ఎక్కడో ఒక చీమ.
తొమ్మిది. చీమలింట్లో పెళ్లి.
పన్నెండు దగ్గర చాలన్నాను.
తుంటి లోపల ఏళ్ల తరబడి సణుగుతున్న మనిషి
ఏం చెబుతున్నాడో మరిచిపోయి
ఒక్క క్షణం తల ఎత్తి చూశాడు.

అంతే. అద్భుతం ఏమీ కాదు.
కొన్నాళ్లు పనిచేసేది. కొన్నాళ్లు
నొప్పీ చీమలూ ఒకే గదిలో అద్దెకున్నట్టు
ఎవరి వంట వాళ్లు చేసుకునేవి.
పెట్టెని కోటు జేబులో వేసుకుని బజారుకెళ్లి
పొగబెట్టిన చేప బేరం తెగక
పద్నాలుగుకి పెంచిన రోజూ ఉంది.

ఫిబ్రవరిలో కోశారు.
కుట్లకి దూరంగా, వాపుకి ఇవతల,
మళ్లీ అవే బిళ్లలు.
పక్క మంచం వెల్గాకీ పెట్టారు.
చీకట్లో ఎవరో తడుముతున్నట్టుందని పీకి పారేసింది.
ఆమె మాత్రలే నమ్ముతుంది. ఎవరి నరం వాళ్లది.
నేనూ మాత్రలు మానలేదు,
రోజుకి ఒకటి తగ్గింది.
ఆ ఒక్కటీ కాగితం మీద రాయమంటే
నర్సు వింతగా చూసి, రాసింది.

నాలుగో రాత్రి మూడింటికి బ్యాటరీ అయిపోయింది.
కొత్త తుంటి, పాత కోపం.

మంచు రాత్రుల్లో తీగ మీంచి కొమ్ము జారిపోయేది.
బండి మొత్తం ఒక్కసారి చీకటి.
జనం మాటలు సగంలో ఆగిపోయేవి.
చేతొడుగులు వేసుకుని దిగేదాన్ని,
వెనక్కి వెళ్లి తాడు పట్టుకుని,
కళ్లలో మంచు పడుతుంటే పైకి చూస్తూ
కనపడని తీగని కొమ్ముతో వెతికేదాన్ని.
ఆ వెతుకులాట చేతికి తెలుసు, నాకు తెలియదు.
తగలగానే దీపాలు.
లోపల ఎవరో ఒకరు, ప్రతిసారీ, "ఆఁ" అనేవారు.

సొరుగు తడిమాను. రెండు బ్యాటరీలు.
ఏది పైకో ఏది కిందికో వేలితో చూసి తోశాను.
తొమ్మిది. పదకొండు. పదమూడు.

"ఆఁ" అన్నది నేనే.

"ఏమైంది?" అంది వెల్గా, నిద్రలోంచి.
"ఏం లేదు. బండి కదిలింది."
అటు తిరిగి పడుకుంటూ గొణిగింది:
"మెల్లగా పోనీ.
నేను చివరి స్టాపులో దిగాలి."